తేలే ఇటుక కోసం నాన్నతో రామప్పకి

24 జనవరి 2025, శుక్రవారం: హనుమకొండ

మా నాన్న తాపీ మేస్త్రి. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో నలభై ఏళ్ళు ఇళ్ళు కట్టాడు. మోకాళ్ళు మొరాయించాక తాపీ అటకెక్కించేశాడు గానీ, చూపు మాత్రం ఇంకా పనిలోంచి దిగలేదు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తెచ్చిచ్చేలోపే గోడ తూకంలో ఉందో లేదో చూసేసుకుంటాడు. చూసి ఊరుకుంటే బాగుండేది. చెప్పేస్తాడు కూడా.

సంక్రాంతికి ఊరెళ్ళి వస్తూ ఆయన్ని మాతో హైదరాబాదు తీసుకొచ్చాం. వారం తిరక్కుండానే విసుగొచ్చేసింది. పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని, రోడ్డుకి అవతల లేస్తున్న అపార్ట్‌మెంటును చూస్తూ గొణుక్కోవడమే పని. అక్కడ గోడలకి వాడుతున్నవి బూడిద రంగు లైట్‌వెయిట్ ఇటుకలు. నాన్న లెక్కలో అవి ఇటుకలే కావు, బన్ను ముక్కలు.

తాతయ్యని ఏడిపించడానికి మా అబ్బాయి ఫోన్లో ఒక వీడియో చూపించాడు. రామప్ప గుడి గోపురం ఇటుక ముక్కట, గ్లాసు నీళ్ళలో తేలుతోంది. నాన్న రెండుసార్లు చూశాడు. "ఇటుక తేలడమేంట్రా? గ్రాఫిక్స్" అని ఫోను తిరిగిచ్చేశాడు. రాత్రి అన్నం దగ్గర మాత్రం, మజ్జిగ పోసుకుంటూ, "ఆ గుడి ఇక్కడికెంత దూరం?" అన్నాడు.

హైదరాబాదు నుంచి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉండి నేనూ చూడలేదు. 2021 జూలైలో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, "ఈ చలికాలం తప్పకుండా" అనుకున్నాను. ఆ తర్వాత మూడు చలికాలాలు పోయాయి. మా ఆయనకి ఆఫీసు, అబ్బాయికి పరీక్షలు. కాబట్టి నాన్నా నేనూ బయల్దేరాం.

శుక్రవారం సాయంత్రానికి హనుమకొండ చేరాం. గదికి 1,400. వేడినీళ్ళు పొద్దున ఆరు తర్వాతే అన్నారు, అంటే మాకు లేనట్టే. చీకటి పడేలోపు వేయిస్తంభాల గుడి చూద్దామని వెళ్ళాం. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి, శివుడికీ విష్ణువుకీ సూర్యుడికీ మూడు గర్భగుళ్ళు. దాని ఎదురుగా ఉన్న కల్యాణ మంటపాన్ని 2006లో రాయి రాయి విప్పదీసి, మళ్ళీ కట్టి, 2024 మార్చిలో తెరిచారు. ఈ సంగతి నాన్నకి చెప్పాను.

"పద్దెనిమిదేళ్ళా?" అన్నాడు. "మనం గృహప్రవేశం ముహూర్తానికి నాలుగు రోజులు ఆలస్యం చేస్తే ఇంటావిడ కాఫీ ఇవ్వడం మానేసేది."

అన్నాడే గానీ మంటపంలో చాలాసేపు తిరిగాడు. పాత రాయి ఏదో కొత్త రాయి ఏదో నాకు చూపించుకుంటూ వచ్చాడు. ఒక స్తంభానికి అరచేయి ఆనించి, పైనుంచి కిందికి రాసి, "ఉలితో చెక్కి వదిలేసింది కాదు. నూరారు. ఎన్నాళ్ళు నూరారో" అన్నాడు. కావలి మనిషి దూరం నుంచి విజిల్ వేశాడు, చెయ్యి తియ్యమని.

బయట పిండివంటల దుకాణంలో సర్వపిండి దొరికింది, ఒక్కోటి 40 రూపాయలు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, వెల్లుల్లి, మధ్యలో చిల్లులు. నాన్న ఒక తుంచు నోట్లో వేసుకుని, "ఇది మన తపాల చెక్కే కదా" అని తేల్చేశాడు. దుకాణం ఆవిడ ఒప్పుకోలేదు. తపాల చెక్క ఏందో మాకు తెల్వదు, ఇది సర్వపిండి అంది. ఆయనా వెనక్కి తగ్గలేదు. ఇంకోటి కొనుక్కుని వాదన ముగించాడు.

లాడ్జి దగ్గర ట్యాక్సీల వాళ్ళతో మాట్లాడితే, రామప్ప, చెరువు, తిరుగులో ఖిలా వరంగల్ కలిపి 2,800కి ఒక కుర్రాడు ఒప్పుకున్నాడు. పొద్దున నాలుగున్నరకి రమ్మంటే మాత్రం మొహం అదోలా పెట్టాడు. "గంత పొద్దుగాల పోయి ఏం జేస్తరు మేడం?" గుడి తూర్పు ముఖంగా ఉంటుందనీ, తొలి ఎండ పడేవేళ చూడాలనీ, పది దాటితే బడిపిల్లల బస్సులు దిగుతాయనీ నా దగ్గర కారణాలు సిద్ధంగా ఉన్నాయి. నాన్న ఒక్క ముక్కలో తేల్చాడు: "పనికి పోయేవాళ్ళు ఎండెక్కాక పోతారా బాబూ?"

25 జనవరి, శనివారం, తెల్లవారుజామున 4.40: దారి తప్పడం

కుర్రాడు చెప్పిన టైముకే వచ్చాడు. ఇరవై నాలుగో ఇరవై ఐదో ఉంటాయి. నాన్నని "బాపూ" అని పిలిచాడు. ఇక్కడ పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారని నేను చెప్పేదాకా నాన్న, "నన్ను గాంధీగారిని చేశాడేంటి వీడు" అని అయోమయపడ్డాడు. నెత్తిన మంకీ క్యాపు, మెడకి మఫ్లరు, ఒళ్ళో అరిసెల డబ్బా. ఆ డబ్బా ఎందుకంటే, "దారిలో ఎవరైనా ఏదైనా పెడితే మనం ఊరికే తింటామా?" అన్నాడు.

ములుగు రోడ్డు మీద ఒక్క చాయ్ బండి వెలుగుతోంది. చిన్న గ్లాసుల్లో చిక్కటి చాయ్, మూడింటికీ 30 రూపాయలు. ఆ తర్వాత అంతా పొగమంచు. లైట్ల ముందు పది గజాలు కనిపిస్తే గొప్ప. ములుగు ఇంకాస్త దూరం ఉందనగా కుర్రాడు బండి నెమ్మది చేసి, ఒక చేత్తో దండం పెట్టుకున్నాడు. గట్టమ్మ తల్లి గుడి. మేడారం సమ్మక్క సారలమ్మల దగ్గరికి వెళ్ళే వాళ్ళు ముందు ఇక్కడ మొక్కుకునే కదులుతారట. "మనం పోయేది మేడారం కాదు గని, తల్లి ముందటికెళ్ళి పోతాంటే మొక్కకుంటే ఎట్ల" అన్నాడు.

మొక్కు ఫలితమో ఏమో, అరగంటలో మేం మేడారం దారినే ఉన్నాం.

అసలు జరిగిందేమిటంటే, నాన్న భూకంపం సంగతి ఎత్తాడు. డిసెంబరు 4న 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం పుట్టింది ఈ ములుగు జిల్లాలోనే. హైదరాబాదులో కూడా జనం మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. ఇక కుర్రాడికి ఊపొచ్చింది. "ఇంక ఏడున్నర కాలే బాపూ. మా అమ్మ చాయ్ పెడుతాంది. గిన్నెలన్నీ గలగలమన్నయ్. మా నాయిన మంచంల లేవకుండ, ఎవడ్రా మంచం ఊపేది అని నన్ను తిట్టిండు." నాన్న పగలబడి నవ్వాడు. తర్వాత మీ గోడలు ఏం ఇటుక, స్లాబ్ ఎన్ని అంగుళాలు, పిల్లర్లు ఎన్ని అని విచారణ మొదలైంది. ఈ విచారణలో జంగాలపల్లి దగ్గర ఎడమకి తిరగాల్సిన రోడ్డు మంచులో వెనక్కి పోయింది. నేను మ్యాపు చూడాలి నిజానికి. ఫోనులో సిగ్నల్ పోయి నీలం చుక్క ఎప్పుడో ఆగిపోయింది, నేనూ భూకంపం కథ వింటూ కూర్చున్నాను.

రోడ్డు పక్కన గొంగడి కప్పుకున్న ముసలాయన, ఇద్దరు ఆడవాళ్ళు చలిమంట వేసుకుని ఉంటే ఆపి అడిగాం. "రామప్పనా?" అని ముసలాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "చల్వాయి దాటితిరి బిడ్డా. గిట్లనే పోతే సమ్మక్క కాడికి పోతరు." దారి చెప్పాక మంట దగ్గరికి రమ్మన్నాడు. నాన్న నిజంగానే దిగి, రెండు నిమిషాలు చేతులు కాచుకుని వచ్చాడు. డబ్బా మూత తీసి తలా ఒక అరిసె పెట్టి మరీ వచ్చాడు. సూర్యుడు వచ్చేస్తున్నాడని నాకు టెన్షన్, ఆయనకేమీ లేదు.

పాలంపేట

పావు తక్కువ ఏడుకి వెనక్కి వచ్చి జంగాలపల్లి మలుపు పట్టుకున్నాం. అక్కడి నుంచి పొలాలు, మొక్కజొన్న, మంచులో తడిసిన పత్తి కట్టెలు. పాలంపేటలో బండి ఆగేసరికి ఏడు దాటింది. తొలి ఎండ అన్న నా లెక్క తప్పిపోయిందనుకున్నాను గానీ, మంచు పుణ్యమా అని సూర్యుడూ ఆలస్యంగానే వచ్చాడు. చెప్పులు విడిచి లోపలికి నడుస్తుంటే చలికి పాదాలు జివ్వుమన్నాయి. పచ్చిక మధ్యలో ఎరుపు తిరిగిన ఇసుకరాయి గుడి, పైన ఇటుక గోపురం. మేం కాక ఒక కొత్తజంట, ఊడ్చే ఆవిడ, అంతే.

నాన్న దేవుడి దగ్గరికి వెళ్ళలేదు. గోపురం వైపే తలెత్తి, "అదేనా?" అన్నాడు.

"అదే నాన్నా."

"అంత పైనా?"

అప్పుడు అర్థమైంది నాకు, మేం ఎంత అమాయకంగా వచ్చామో. తేలే ఇటుకలన్నీ గోపురంలో ఉన్నాయి. గోపురం ఎవరికీ అందదు, అందకూడదు కూడా. వీడియోలో ఎవరో చేత్తో పట్టుకుని చూపించింది ఏనాటి ముక్కో. నాన్న మొహం చూసి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

గుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆరడుగుల ఎత్తు పీఠం మీద కూర్చున్న గుడి ఇది. గోడ కింది వరసలో ఏనుగులు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి నడుస్తుంటాయి. జనం ఏనుగుల్ని చూస్తారు. ఈయన రాయికీ రాయికీ మధ్య సందు చూస్తున్నాడు. గోరు దూర్చడానికి ప్రయత్నించాడు, దూరలేదు. "సున్నం లేదు. మట్టి లేదు. మరి ఎట్లా నిలబడింది?" అని నన్నడిగాడు. నేను బ్యాంకులో పనిచేస్తాను. నన్నడిగితే?

జవాబు చెప్పే మనిషి ఏడున్నరకి వచ్చాడు. యాభై దాటిన గైడు, 400 అడిగి 300కి ఒప్పుకున్నాడు. రాళ్ళకి లోపల గాళ్ళు కొట్టి, ఇనుప ముక్కలు దించి ఒకదానితో ఒకటి బిగించారని చెప్పాడు. నాన్న తలూపాడు. తర్వాత గైడు తన మామూలు పాఠం ఎత్తుకున్నాడు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, శాసనం ఉంది, అందుకే అసలు పేరు రుద్రేశ్వరాలయం. పని నలభై ఏళ్ళు సాగిందని చెబుతారు.

"మరి రామప్ప ఎవరు?" అన్నాడు నాన్న.

"ప్రధాన శిల్పి పేరు సార్. చెక్కినాయన పేరు మీద గుడి. దేశంలో ఇట్లాంటిది ఇంకెక్కడా లేదంటరు."

నాన్న నడక ఆపేశాడు. "మేస్త్రి పేరా?" అన్నాడు.

శాసనంలో ఉన్నది రుద్రుడి పేరు. రామప్ప అనేది నోటి మాటగా వచ్చిన పేరు, దేవుడి పేరు నుంచే పుట్టిందనే వాళ్ళూ ఉన్నారు. ఇదంతా నాకు తెలుసు, చదువుకునే వచ్చాను. కానీ నాన్న మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. మా ఊళ్ళో ఆయన కట్టిన ఇళ్ళ ముందు పాలరాయి పలకల మీద యజమాని పేరు, ఆయన భార్య పేరు, ఒక్కోసారి ఇంజనీరు పేరు కూడా ఉంటాయి. నాన్న మాత్రం ఇల్లు పూర్తయ్యాక సెప్టిక్ ట్యాంకు మూత పచ్చిగా ఉన్నప్పుడు, దాని మీద తాపీ మొనతో తేదీ గీసేవాడు. పేరు కూడా కాదు, తేదీ. ఎందుకంటే పేరు రాస్తే ఇంటివాళ్ళు ఏమనుకుంటారో అని.

ఎనిమిదింటికి మంచు విడిపోయి ఎండ ఏటవాలుగా తూర్పు గుమ్మం మీద పడింది. ఇంతసేపూ నల్లగా నీడల్లా ఉన్న మదనికలు ఒక్కసారిగా కనిపించారు. చూరు కింద వంగి నిలబడ్డ నల్లరాతి సుందరులు, మొత్తం పన్నెండు మంది. పాముల్ని ఒంటికి చుట్టుకున్న నాగిని ఒకామె. ఎత్తు మడమల చెప్పులేసుకున్న వేటగత్తె ఇంకొకామె. ఫోటోల్లో ఎన్నోసార్లు చూశాను గానీ, ఆ నునుపు ఫోటోలో రాదు. ఎండ వాళ్ళ మోకాళ్ళ మీద, పొట్ట మీద జారి కింద పడుతున్నట్టు ఉంటుంది. నేను మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఎదురుగా మంటపంలో నంది ఉంది. యజమాని పిలిస్తే లేచిపోయేలా చెవులు రిక్కించి కూర్చున్న నంది.

లోపల రంగమంటపంలో దూలాల మీదా స్తంభాల మీదా నాట్యగత్తెలు, మద్దెలగాళ్ళు. ఈ శిల్పాల్నీ, జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ ఆధారం చేసుకునే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ, కాకతీయుల కాలపు పేరిణి నాట్యానికి మళ్ళీ ప్రాణం పోశారు. గైడు స్తంభంలోని సన్నటి చిల్లుల్లోంచి దారం దూర్చి చూపించాడు. తర్వాత గర్భగుడి గుమ్మం పక్కన, వేణువు ఊదుతున్న కృష్ణుడి శిల్పం దగ్గరికి తీసుకెళ్ళి వేలితో మెల్లగా తట్టాడు. టింగ్ మంది. ఇంకోచోట తడితే ఇంకో స్వరం. సరిగమలు పలుకుతాయన్నాడు. నాకైతే స, ప మాత్రం దొరికాయి.

నాన్న చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. "సరిగమల సంగతి నాకు తెలీదు గానీ, లోపల బీట లేదు. బీటుంటే డబ్ మంటుంది. ఇటుకల లోడు దిగినప్పుడు రెండు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూసేది అందుకే. కంచు మోగినట్టు మోగాలి." గైడు ఈ మాట తన పాఠంలో కలుపుకుంటాడని నాకు గట్టి నమ్మకం.

అప్పటి నుంచి గైడు నాన్నకి పాఠం చెప్పడం మాని మాట్లాడటం మొదలుపెట్టాడు. గుడి కింద మూడు మీటర్ల లోతు తవ్వి ఇసుక నింపారనీ, అందులో సున్నం, బెల్లం, కరక్కాయ కలిపారనీ, భూమి కదిలితే ఆ ఇసుకే ఊపును మింగేస్తుందనీ చెప్పాడు. డిసెంబరు భూకంపానికి ఒక్క రాయి జరగలేదట. నాన్నకి ఇది వింతగా అనిపించలేదు. "మా నల్లరేగడిలో కూడా పునాది కింద ఇసుక పోస్తాం. నీళ్ళు పెట్టి దిమ్మిస కొట్టిస్తాం. లేకపోతే వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంగి గోడలు చీలిపోతాయి. కాకపోతే మేం పోసేది మూడడుగులు. వీళ్ళు మూడు మీటర్లు." కాసేపాగి, "బెల్లం కూడా వేశారా. మనకి పానకానికే ఇవ్వరు" అన్నాడు.

అన్నీ మెచ్చుకున్నాడనుకుంటే పొరపాటు. మంటపంలో నేల ఎక్కడెక్కడ కుంగిందో పాదంతో నొక్కి చూపించాడు. పగిలిన దూలం కింద ఊతం పెట్టిన చోట నిలబడి చాలాసేపు చూశాడు. ఎప్పుడో వచ్చిన పాత భూకంపం వల్ల అని గైడు చెబితే, "ఇసుక మింగేస్తుందన్నావుగా?" అని అడిగాడు. గైడు నవ్వేసి, "మింగింది కాబట్టే గుడి ఉంది సార్, లేకుంటే దూలం కాదు, గుడే పోవు" అన్నాడు. ఈ జవాబు నాన్నకి నచ్చింది.

చివరికి అసలు విషయం అడిగాడు. "ఇటుక ముక్క చూడ్డానికి ఎక్కడైనా దొరుకుతుందా?"

"దొరకదు సార్. పురావస్తు శాఖ వాళ్ళ సొత్తు. ఎవరి దగ్గరా ఉండకూడదు." తర్వాత జేబులోంచి ఫోను తీసి, "వీడియో ఉంది, చూస్తరా?" అని చూపించాడు. అదే వీడియో. అదే గ్లాసు.

నాన్న ఈసారి గ్రాఫిక్స్ అనలేదు. "ఊక కలిపి కాల్చి ఉంటారు. ఊక కాలిపోయి లోపల బొక్కలు మిగులుతాయి" అని తనలో తాను అనుకున్నాడు. ఘన సెంటీమీటరుకి 0.9 గ్రాముల లోపే బరువని గైడు చెప్పాడు. నీళ్ళకంటే తక్కువన్నమాట.

పక్కనే కామేశ్వరాలయం. విప్పదీసిన రాళ్ళు, మళ్ళీ పేర్చడానికి ఒక్కోదానికీ నంబరు వేసి పచ్చికలో వరసగా పెట్టి ఉన్నాయి. నేను ఎండలో ఒక రాతి మీద కూర్చోబోతే నాన్న కసిరాడు, నంబరున్న రాయి మీద కూర్చోవద్దని. ఆయన ఆ నంబర్లు చదువుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళాడు. ఎవరో మేస్త్రి మధ్యలో పని ఆపేసి భోజనానికి వెళ్ళినట్టుందక్కడ.

తొమ్మిదిన్నరకి మూడు బస్సులు దిగాయి. ఎర్ర స్వెట్టర్ల పిల్లలు, విజిళ్ళు, "లైన్ లైన్" అని కేకలు. గర్భగుడిలో హారతి తీసుకుని, పళ్ళెంలో యాభై వేసి బయటపడ్డాం. నాన్న దేవుణ్ణి చూసింది అర నిమిషం.

గుడి బయట, ఇడ్లీ బండి

ప్లేటు ఇడ్లీ 30 రూపాయలు. పల్లీ చట్నీ పల్చగా, పక్కన ఎర్ర కారం. అల్లం చట్నీ లేదా అని నాన్న అడగబోయి, నా చూపు చూసి ఊరుకున్నాడు. బండి నడిపే ఆవిడకి నలభై ఉంటాయి. "గుంటూరు దిక్కు వాళ్ళా? మాట తెలుస్తాంది" అంది. తెనాలి అన్నాం. లోపలి నుంచి స్టీలు డబ్బా తెచ్చి, "పండుగకు జేసిన సకినాలు, జర్ర నోట్లె ఏసుకో బాపూ" అని నాలుగు పెట్టింది. చుట్టలు చుట్టలుగా, నువ్వులూ వాము వేసి వేయించినవి. కరకరలాడిపోతున్నాయి. పాపం నాన్న పై పళ్ళు కట్టుడు పళ్ళు. ఒక సకినాన్ని చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. ఆవిడ అది చూసి నవ్వాపుకోలేకపోయింది.

లెక్క కట్టమంటే ఇడ్లీలకీ చాయ్‌కీ 90 తీసుకుంది. సకినాలకి పైసలడిగితే, "అయ్యో, పండుగ పిండివంటకు పైసలు దీసుకుంటరా?" అని కోప్పడింది. నాన్న విజయగర్వంతో నావైపు చూసి అరిసెల డబ్బా తెరిచాడు. ఆవిడ ఒకటి కొరికి, "మాకాడ గూడ జేస్తం గని గింత మెత్తగ రావు" అంది. పాకం ఎంతసేపు పట్టాలో మా అమ్మ చెబుతుండగా విన్నదంతా నాన్న ఆవిడకి చెప్పాడు. జీవితంలో ఒక్క అరిసె కూడా వత్తిన మనిషి కాదు.

చెరువు కట్ట

రామప్ప చెరువు అక్కడికి కిలోమీటరే. గుట్టలకీ గుట్టలకీ మధ్య కట్ట పోసి ఆపిన నీళ్ళు. ఇదీ రేచర్ల రుద్రుడి కాలానిదే. పాకాల, లక్నవరం, రామప్ప, ఘనపురం అని కాకతీయుల పెద్ద చెరువులు చెప్పేటప్పుడు వరసలో వస్తుంది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా దాని కింద వరి నాట్లు పడుతున్నాయి. మేం వెళ్ళిన రోజు కట్ట కింద మళ్ళలో ఆడవాళ్ళు యాసంగి నాట్లు వేస్తున్నారు. గుడికంటే నాకు ఇది ఎక్కువ ఆశ్చర్యం. గుడిని తాళం వేసి కాపాడుకోవచ్చు. చెరువుని ఏటా వాడుకుంటూనే కాపాడుకోవాలి.

తూము ఎక్కడ, అలుగు ఎక్కడ అని నాన్న కుర్రాణ్ణి అడిగాడు. అలుగంటే ఏంటని వాడు. నీళ్ళు నిండితే పొర్లి పోయేది అని చెబితే, "ఓ, మత్తడా!" అన్నాడు. ఆ మాట నాన్నకి భలే నచ్చింది. రోజంతా అవసరం ఉన్నా లేకపోయినా మత్తడి, మత్తడి అంటూనే ఉన్నాడు.

అక్కడ చెట్టు కింద చేపల వేపుడు వాసన. అప్పుడే పట్టిన చేపకి కారం, ఉప్పు, అల్లం పట్టించి పెనం మీద వేయిస్తున్నారు. భోజనంతో కలిపి 180. నాన్నకి శనివారం. వెంకటేశ్వరస్వామి వారం. నలభై ఏళ్ళుగా ముట్టలేదు. నేనూ మానేస్తానంటే వద్దన్నాడు. పప్పుచారు పోసుకుని తింటూ, నా కంచంలోని చేపకేసి మేస్త్రి చూపే చూశాడు. "ముల్లు సన్నంగా ఉంది, చూసుకు తిను" అని రెండుసార్లు చెప్పాడు. కుర్రాడు రెండు ముక్కలు తిని మూడోదానికి డబ్బులు తనే ఇస్తానన్నాడు. ఇవ్వనిస్తామా?

ఖిలా వరంగల్

ఇక్కడికొచ్చేసరికి మూడు దాటింది. అలసట. శిలాతోరణాలు నాలుగు, నాలుగు దిక్కులా. తెలంగాణ రాజముద్రలో ఉన్నది వీటి బొమ్మే. మధ్యలో గుడి ఉండేది, ఇప్పుడు విరిగిన రాళ్ళు పచ్చికలో పరుచుకుని ఉన్నాయి. నిజం చెప్పాలంటే రామప్ప చూసి వచ్చిన కళ్ళకి ఏదీ ఆనలేదు. ఈ క్రమం తప్పు. కోట ముందు రోజు, రామప్ప తర్వాత పెట్టుకోవాల్సింది. నాన్న తోరణం కాలి దగ్గర నీడలో కూర్చుని కునుకు తీశాడు. లేపితే, "తూకంలోనే ఉంది" అన్నాడు, తోరణం గురించి.

కుర్రాడికి 2,800 మీద 200 ఇచ్చాం, దారి తప్పిన డీజిలు కోసం. వద్దు వద్దంటూనే తీసుకున్నాడు. వాళ్ళింటి గోడకి పడ్డ బీట ఫోటో నాన్నకి వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు.

26 జనవరి, ఆదివారం: ఇల్లు

అర్ధరాత్రి దాటి ఇల్లు చేరి, పొద్దున ఎనిమిది దాకా నిద్రపోయాను. లేచేసరికి నాన్న లేడు. కింద జెండా వందనానికి వెళ్ళి ఉంటాడనుకున్నాం. పిల్లలకి పంచిన బిళ్ళలు రెండు జేబులో వేసుకుని, భుజం మీది తువ్వాల్లో ఏదో మూటగట్టుకుని వచ్చాడు. ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని అడిగి తెచ్చుకున్న బూడిద రంగు ఇటుక ముక్క.

బాత్రూములో బకెట్ నింపి అందులో వేశాడు. తేలింది.

వేలితో కిందికి నొక్కాడు. వదలగానే బుడుంగున పైకొచ్చింది. ఇంకోసారి నొక్కాడు. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి, "తాతయ్యా, గ్రాఫిక్సా?" అన్నాడు. నాన్న వాడికేసి చూడలేదు. వాడి పెన్సిలు తెమ్మని, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో ముక్క చుట్టూ గీత గీశాడు. "ఎన్నాళ్ళు తేలుతుందో చూద్దాం. నీళ్ళు తాగితే మునుగుతుంది ఇది" అన్నాడు.

బుధవారం ఆయన తెనాలి వెళ్ళిపోయాడు. బకెట్ మాత్రం పారబొయ్యొద్దని చెప్పి వెళ్ళాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను. నా ఆరోగ్యం, పిల్లాడి పరీక్షలు అయ్యాక, "గీత మునిగిందా?" అని అడుగుతాడు. నిన్నటికి గీత నీళ్ళకి అర అంగుళం కిందికి దిగింది. ముక్క ఇంకా తేలుతూనే ఉంది. మేమేమో వంటింటి గిన్నెలో నీళ్ళు పట్టుకుని స్నానాలు చేస్తున్నాం.